మస్తాన్ కట్టు మీద నల్లటి గళ్లు

కరోనా తగ్గిన మరుసటి ఏడాది వేసవిలో నన్ను హెడ్ నర్సుగా గురజాల దగ్గర ఒక ఆసుపత్రికి వేశారు. మానని పుళ్లకు కట్లు కట్టే గది నా బాధ్యత.

వారానికి రెండుసార్లు మస్తాన్ వచ్చేవాడు. దర్జీ, యాభై దాటినవాడు. షుగర్ వల్ల పాదాల్లో స్పర్శ పోయింది. కుడి అరికాల్లో, బొటనవేలి మొదలు దగ్గర రూపాయి బిళ్లంత పుండు. సెలైన్‌తో కడిగి, చచ్చిన చర్మం తీసి, కాగితపు స్కేలుతో పొడవు, వెడల్పు, సన్నటి పుల్లతో లోతు కొలిచి కేస్ షీట్‌లో రాసేదాన్ని. పాదంలో రక్తం బాగానే ఆడుతోంది, చీము లేదు. అయినా ఆరు వారాలకూ కొలత తగ్గలేదు. ఎముక దాకా పోతే వేలు తీసేయాల్సిందేనని డాక్టరుగారు చెప్పేశారు.

నాకు నోటిదురుసు ఎక్కువ. నడవొద్దంటే నడుస్తున్నాడని, పైగా నడవట్లేదని అబద్ధాలాడుతున్నాడని అందరి ముందూ కేకలేశాను. అతను తల దించుకున్నాడు. భార్య కాశింబీ మాత్రం ఊరుకోలేదు.

"ఏందమ్మా అట్టా అంటారు? మీరు చెప్పిన కాడి నుంచి గడప దాటలా. పొద్దస్తమానం మిషన్ కాడే కూర్చుంటన్నాడు."

అప్పుడే విప్పిన కట్టు నా చేతిలో ఉంది. సరిగ్గా పుండున్న చోట గుడ్డ మీద నల్లటి గళ్లు అచ్చుపడ్డాయి. అన్నాళ్లూ మురికనుకుని పారేశాను. అవి కుట్టుమిషన్ కింద కాలితో తొక్కే ఇనుప పెడల్ గళ్లు! నడక మానేసిన మనిషి మునుపటికన్నా ఎక్కువగా మిషన్ తొక్కుతున్నాడు. నొప్పి తెలియదు కనుక ఆపలేదు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు నేను అతన్ని తిట్టాను. సిగ్గేసింది. ఇద్దరికీ క్షమాపణ చెప్పాను.

పుండు మీద బరువు పడకుండా చుట్టూ ఫెల్ట్ అనే మెత్తటి, మందపాటి ఉన్నిగుడ్డ అమర్చాం. ఇంట్లో కాశింబీ పక్కన కూర్చుని చేత్తో చక్రం తిప్పేది, అతను గుడ్డ నడిపేవాడు. మూడో వారానికి కొలత తగ్గింది. దసరా కుట్టుపనుల నాటికి పుండు పూడి, పైన చర్మం వచ్చింది. వేలు దక్కింది.

కాశింబీకి ఇప్పటికీ మనసులోనే దణ్ణం పెట్టుకుంటాను. ఆమె నా నోటికి జడిసి ఊరుకుని ఉంటే, కొలతలు తప్పు లేకుండా రాస్తూనే ఆ వేలు పోగొట్టి ఉండేదాన్ని. రిటైరయ్యేదాకా, స్కేలు తీసేముందు ప్రతి రోగినీ ఒకటే అడిగాను: పొద్దున్నుంచి ఈ కాలితో ఏమేం పనులు చేశావు?