వాగు పొంగితే ఆసుపత్రికి చేరలేరు

ఈ మధ్య ఒక విద్యార్థిని ప్రాజెక్టు రిపోర్టు తెచ్చి నా బల్ల మీద పెట్టింది. కొత్త బైండింగు జిగురు వాసన గదంతా పరుచుకుంది. తెరిచీ తెరవగానే ‘వర్షాకాలంలో మట్టిరోడ్లు బురదగా ఉంటాయని మా పరిశీలనలో తేలింది’ అన్న వాక్యం కనిపించింది. నవ్వొచ్చింది. ఆ వెనకే సుగుణ మేడం గుర్తొచ్చారు.

మేరీ సుగుణ మేడం ఖమ్మంలో మాకు ఎకనామిక్స్ చెప్పేవారు. చర్చికి వెళ్ళినా అడవికి వెళ్ళినా అదే నేత చీర, అవే రబ్బరు చెప్పులు. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, ఎమ్మే ముగించి ఖాళీగా ఉన్న నన్ను ఒక సర్వేకు తీసుకున్నారు. భద్రాచలం దగ్గరి అడవి ఊళ్ళలో గర్భిణులు కాన్పుకు ఆసుపత్రికి ఎందుకు రావడం లేదో కనుక్కోవాలి.

ఒక ఊళ్ళో సీతమ్మ అనే ఆవిడ మా ప్రశ్న విని విసుక్కుంది. “వాగు నిండితే ఎట్ల పోతరమ్మా? గిది గూడ అడగాల్నా?”

“అడగాలె అక్కా. నువ్వు చెప్పు, నేను రాస్త” అన్నారు మేడం.

అప్పుడు సీతమ్మ చెప్పింది. కిందటి వానల్లో కూతురికి నొప్పులొస్తే మంచం మీద వాగు దాకా మోసుకెళ్ళారట. నీళ్ళు తగ్గలేదు. ఒడ్డునే కాన్పయింది. పసిగుడ్డు దక్కలేదు. మేడం మధ్యలో ఒక్కసారి కూడా అడ్డుపడలేదు.

తిరిగొస్తుంటే అదే వాగు నడుమ మా జీపు ఆగిపోయింది. నీళ్ళు సీటు దాకా వచ్చాయి. ఊరివాళ్ళు తాడు విసిరి మమ్మల్ని ఒడ్డుకు లాగారు. రిపోర్టులో మేడం దాని గురించి రాసింది ఒకే వాక్యం: ‘వర్షం వల్ల ప్రయాణం కొంత ఆలస్యమైంది.’

“మేడం, కొట్టుకపోయేటోళ్ళం!” అన్నాను.

“పోలేదు గదా. మన సంగతి గంత చాలు. సీతమ్మ చెప్పిన దాంట్ల మాత్రం ఒక్క ముక్క తగ్గొద్దు.”

ఆ రిపోర్టును మేడం ఖమ్మంలో అధికారుల ముందు చదివారు. ‘వాగు పొంగినప్పుడు గర్భిణులు ఆసుపత్రికి చేరలేకపోతున్నారు’ అన్నది మా మొదటి ఫలితం. ఒక అధికారి నవ్వాడు. “దీనికి సర్వే ఎందుకు మేడం? అందరికీ తెలిసిందే గదా!” గదంతా నవ్వింది. నేను తలెత్తలేకపోయాను.

మేడం పెన్ను మూత తీశారు. “అవ్ సార్, అందరికీ తెలుసు. తెలిసి ఏం చేసిండ్రో గూడ రాద్దామని కింద జాగా ఇడిచిన. చెప్పుండ్రి.”

ఆ అధికారే రిపోర్టు తన ముందుకు లాక్కుని, “ఏం చేస్తే బాగుంటది?” అని అడిగాడు.

వంతెన రాలేదు. కానీ మరుసటి వానాకాలానికి అధికారులు ఆసుపత్రి పక్కన ఒక ఇల్లు కిరాయికి తీసుకున్నారు. నెలలు నిండిన ఆడవాళ్ళు వాగు పొంగకముందే వచ్చి అక్కడ ఉండొచ్చు. మేము చూడ్డానికి వెళ్ళేసరికి సీతమ్మ కూతురు నిండు కడుపుతో వరండాలో కూర్చుని ఉంది. తల్లి ఆమెకు జడ వేస్తోంది. “అంత మంచిగనే ఉందమ్మా, కూరల ఉప్పే ఎయ్యరు” అంది సీతమ్మ. మేడం నవ్వకుండా అదీ రాసుకున్నారు. పది రోజులు తిరక్కుండానే ఆ కూతురికి ఆడపిల్ల పుట్టింది.

మేడం పోయి చాలా కాలమైంది. నాకు తెలిసిన సంగతే ఎవరైనా చెబుతుంటే, ‘తెలుసులే’ అని మధ్యలో ఆపడం ఇప్పటికీ నా వల్ల కాదు. వాళ్ళు ముగించేదాకా కూర్చుంటాను.