అక్క కాశీకి రెండు వేల మైళ్ళు తక్కువ

మా ముక్తేశ్వరంలో ఎకరాలున్న ఆసాములు చాలామంది ఉన్నారు. మైళ్ళున్నవాణ్ణి నేనొక్కణ్ణే. ఈ మాట నేనే పుట్టించి, రేవు దగ్గర టీ కొట్టులో నేనే అని, అందరికంటే ముందు నేనే నవ్వేవాణ్ణి. ఫోను తీసి ఆ అంకె చూపించేవాణ్ణి. చూసినవాళ్ళు "అబ్బో" అనేవారు. ఎందుకు అబ్బో అనాలో వాళ్ళకీ తెలీదు, నాకూ అంతంతమాత్రమే.

నేను వంటవాణ్ణి. ఏడో తరగతిలో లెక్కల మాస్టారికీ నాకూ అభిప్రాయభేదం వచ్చింది. ఆయన బడిలో ఉండిపోయారు, నేను బయటికొచ్చేశాను. గరిటె పట్టుకున్నాను. మా వైపు వేదపండితుల్ని యాగాలకీ హోమాలకీ బొంబాయి, ఢిల్లీ, కాశీ పిలిపించుకునే ధనవంతులు ఉన్నారు. పండితులు ఎక్కడపడితే అక్కడ తినరు కాబట్టి, మడివంటకి నన్ను కూడా వాళ్ళతోపాటు విమానం ఎక్కించేవారు. పిలిచినవాళ్ళ గుమాస్తా ఒకాయన మొదటి ప్రయాణంలోనే నా చేత ఒక ఫారం నింపించాడు. ఎగిరినప్పుడల్లా ఆ విమాన కంపెనీ మన పేరున కొన్ని మైళ్ళు వేస్తుందనీ, అవి పోగుపడితే ఊరికే టికెట్టు ఇస్తుందనీ చెప్పాడు. మా జట్టుకి పెద్ద ఘనపాఠిగారు ఆ ఫారం ముట్టుకోలేదు.

"మైళ్ళు నాకెందుకయ్యా? రేవు దాకా నడిస్తేనే మోకాళ్ళు పట్టేస్తున్నాయి," అన్నారాయన.

నేను మాత్రం ముట్టుకున్నాను. మా అక్క కోసం.

అక్క నాకంటే పన్నెండేళ్ళు పెద్దది. అమ్మ పోయాక నన్ను పెంచింది ఆవిడే. బావగారు పోయాక తిరిగి ఈ ఇంటికే వచ్చింది. నేను పెళ్ళి చేసుకోలేదు, ఎవరైనా అడిగితే పొయ్యిని చేసుకున్నానని చెబుతాను. యాగాల్లో నా పొడులు బావున్నాయని, వడియాలు బావున్నాయని మెచ్చుకున్నవాళ్ళందరూ మెచ్చుకున్నది నిజానికి అక్క చేతినే. ఆవిడకి ఉన్న కోరిక ఒక్కటే. కాశీ. రైల్లో వెళ్ళలేదు. తుంటి నొప్పి ఒకటి. దానికంటే పెద్ద నొప్పి మడి. రైల్లో రెండు రోజులు నీళ్ళు కూడా ముట్టదు. విమానం అయితే పొద్దున్న ఇంట్లో స్నానం చేసి బయల్దేరితే సాయంత్రానికి గంగలో స్నానం. మధ్యలో తినక్కర్లేదు, తాగక్కర్లేదు. ఈ లెక్క ఆవిడే వేసింది. మా లెక్కల మాస్టారు కూడా తప్పు పట్టలేరు.

ఇంకో లెక్క డాక్టరు వేశాడు. అక్క కళ్ళకి నీటికాసులు వచ్చాయి. పోయిన చూపు రాదనీ, ఉన్న చూపు ఎన్నాళ్ళు నిలుస్తుందో చుక్కలమందు వేసి చూడాలనీ కాకినాడ డాక్టరు చెప్పాడు. తిరిగొస్తూ కోటిపల్లి రేవులో గోదావరి దాటించే పంటు ఎక్కాక అక్క నీళ్ళ వైపు చూస్తూ అంది, "కళ్ళుండగా కాశీలో ఆయన్ని చూపించెయ్యరా. తర్వాత ఎలాగూ చీకట్లోనే దణ్ణం పెట్టుకోవాలి."

"ఆయ్. విమానం ఇంటి ముందుకి పిలిపిస్తాను, నువ్వు చెప్పులేసుకో," అన్నాను. ఆవిడ నవ్వింది. నవ్వించేస్తే పని అయిపోయినట్టే అనుకోవడం నాకు చిన్నప్పటి జబ్బు.

ఆ నెలలోనే బొంబాయిలో ఒక ఆడిటరుగారింట హోమానికి వెళ్ళాం. రామచంద్రపురం నుంచి వెళ్ళి అక్కడ స్థిరపడ్డ మనిషి. ఆఖరి రోజున నేను పనసపొట్టు కూర వడ్డిస్తుంటే ఆయనే ఆపారు.

"మీకా కంపెనీలో మైళ్ళున్నాయన్నారు. ఎన్నున్నాయేంటండీ?"

"మీ ఇంటి నుంచి మా ఇంటికి ఓ పాతికసార్లు నడిచేటన్ని ఉన్నాయండి."

"హాస్యం తర్వాత ఆడుదురుగాని. ఇవాళే వాడేసెయ్యండి. పైలట్లకి జీతాలివ్వట్లేదు వాళ్ళు."

"రేపు వాడితే పులిసిపోతాయాండీ?"

"పులవవండి, మాయమైపోతాయి. మైలంటే డబ్బు కాదు, ఆ కంపెనీ ఇచ్చిన మాట. కంపెనీ పడిపోతే బ్యాంకులు ముందు నిలబడతాయి, చమురు పోసినవాళ్ళు ఆ వెనకాల. మీరు ఎక్కడో చివర. అసలు మిమ్మల్ని వరసలో నిలబడనిస్తారో లేదో కూడా తెలీదు. ఇంకో సంగతి. వాళ్ళ విమానానికే టికెట్టు తీసుకోకండి, అది ఎగరకపోతే టికెట్టూ పోతుంది. వాళ్ళతో పొత్తున్న వేరే కంపెనీ విమానానికి ఇవే మైళ్ళతో టికెట్టిస్తారు. అది తీసుకోండి. అన్నిటికంటే ముందు మూసేది ఆ తలుపే."

అంత విడమరిచి నాకు బళ్ళో కూడా ఎవరూ చెప్పలేదు. "చిత్తం" అని, ఇంకాస్త కూర వెయ్యమంటారా అని అడిగాను.

ఇంటికొచ్చి ఫోనులో చూశాను. పొత్తు కంపెనీ విమానంలో కాశీకి రానూపోనూ రెండు టికెట్లకి నా మైళ్ళు రెండు వేలు తక్కువ. అక్క ఒక్కదానికైతే టికెట్టు వస్తుంది. కానీ ఆవిడ ఒంటరిగా వెళ్ళలేదు. నా టికెట్టు డబ్బు పెట్టి కొనుక్కుంటే ఆ పూటతో పని అయిపోయేది. డబ్బు లేక కాదు. ఊరికే వచ్చేదానికి డబ్బు పెట్టడమేంటన్న పిసినారితనం. వచ్చేవారం ఢిల్లీ యాగం ఉంది. అదే కంపెనీ విమానం. వెళ్ళొస్తే ఆ రెండు వేలూ పడతాయి. అప్పుడు ఇద్దరం దర్జాగా ఊరికే వెళ్ళచ్చు. చింతపండు పిసికినట్టు ఆఖరి చుక్క దాకా పిండుకోవాలి కదా, వంటవాణ్ణి.

ఇంతలో మూఢం వచ్చిపడింది. శుక్రుడు కనపడని ఆ రోజుల్లో మొదటిసారి క్షేత్రానికి బయల్దేరకూడదని అక్క పట్టు. అది మొదలవడానికి ఇంకా నాలుగు రోజులుంది. మొదలైతే వదలడానికి రెండు నెలలు. అన్నాళ్ళు ఆగితే కళ్ళు ఆగుతాయో లేదో. దానికి అక్కే ఉపాయం చెప్పింది.

"ప్రస్థానం పెట్టేద్దాంరా."

మంచి ముహూర్తం ఉన్నప్పుడు మనిషి కదలలేకపోతే మూట కదులుతుంది. కట్టుకోబోయే బట్ట, గుప్పెడు బియ్యం మూటకట్టి, ఆ ఘడియకి వేరేవాళ్ళింట పెట్టిస్తారు. దాంతో మనిషి బయల్దేరినట్టే లెక్క. తర్వాత వీలు చూసుకుని వెళ్ళి, ఆ మూట తీసుకుని అటునుంచి అటే పోవాలి. మూట వెనక్కి ఇంటికి రాకూడదు. గురువారం పొద్దున్న అక్క తెల్లచీరా బియ్యం గంగనీళ్ళకి రాగిచెంబూ మూటకట్టి, తడుముకుంటూ వీధి దాటి, ఎదురింటి పిన్నిగారి దేవుడి గదిలో పెట్టి వచ్చింది. ఆవిడ ముఖంలో అంత తెరిపి నేను చాలా ఏళ్ళుగా చూడలేదు.

"ఇంక నాకు మూఢమూ లేదు, గీఢమూ లేదు. బయల్దేరిపోయేను. నువ్వు నిదానంగా టికెట్లు చూసుకో," అంది.

నాకూ అలాగే అనిపించింది. ఎంత తెలివితక్కువగా అనిపించిందో ఇప్పుడు చెప్పుకోడానికి సిగ్గుగా ఉంది. శుక్రుడి నుంచి ప్రయాణాన్ని కాపాడేశాం కాబట్టి ఇక భయం లేదనుకున్నాను. ఆ సాయంత్రం ఆడిటరుగారు పాపం తనంతట తనే ఫోన్ చేశారు.

"తీసుకున్నారా టికెట్లు?"

"మా అక్క బయల్దేరిపోయిందండీ. ప్రస్తుతానికి ఎదురింట్లో ఉంది."

మనవైపు మనిషి కనుక ఆయనకి అర్థమైంది.

"ప్రస్థానం దేవుడికి సరిపోతుందండి. కంపెనీకి సరిపోదు," అన్నారు.

"రెండు వేలు తక్కువున్నాయండీ. ఢిల్లీ వెళ్ళొచ్చి తీసేస్తాను."

"మీ ఇష్టం," అన్నారు. చదువుకున్నవాళ్ళు మీ ఇష్టం అన్నారంటే మనం మునిగిపోయామని అర్థం. అది నాకు తర్వాత తెలిసింది.

ఢిల్లీకి బాగానే వెళ్ళాం. పదకొండు రోజులు పొయ్యి దగ్గర నిలబడ్డాను. పన్నెండో రోజు పొద్దున్న తిరుగు ప్రయాణానికి విమానాశ్రయానికి వస్తే, బోర్డు మీద మా విమానం పక్కన రద్దని ఎర్రక్షరాలు. దాని కిందదానికీ ఎర్రవే. ఆ కింద కూడా. కౌంటరు ముందు జనం కేకలు. లోపల ఒక్కత్తే అమ్మాయి. ఏదైనా ఒక మాటతో ఆ జనాన్ని నవ్విద్దామని ముందుకెళ్ళాను. తీరా చూస్తే ఆ పిల్ల ఏడుస్తోంది. జీతం వచ్చి నాలుగు నెలలైందట. సంచిలో మిగిలిన సున్నుండలు రెండు కౌంటరు మీద పెట్టి వెనక్కొచ్చాను. ఘనపాఠిగారు ఒక కుర్చీలో కూర్చుని కళ్ళు మూసుకుని ఏదో జపించుకుంటున్నారు. మైళ్ళు లేని మనిషి. ఆయనకి పోయిందేమీ లేదు.

ఫోను తీశాను. నా అంకె అలాగే ఉంది. ఒక్క మైలు తగ్గలేదు. వాటిని వాడుకోడానికి నొక్కే బొత్తం ఒక్కటే లేదు. పొత్తు కంపెనీలు ఆ పొద్దున్నే తెగతెంపులు చేసుకున్నాయట.

రైలెక్కాం. దారిలో అక్క ఫోన్ చేసింది.

"రైల్లో వస్తున్నావేవిట్రా? విమానానికేవైంది?"

"దానికీ నీలాగే తుంటి నొప్పిటే."

"మైళ్ళో?"

"ఉన్నాయి."

"ఉంటే చాల్లే," అంది. నేను చెప్పింది అబద్ధం కాదు. నా నోట్లోంచి వచ్చిన నిజాల్లో అంత నీచమైనది ఇంకోటి లేదు.

ఇంటికొచ్చాక రెండు రోజులు చెప్పలేదు. కంపెనీని ఎవరో కొంటారని, మళ్ళీ ఎగురుతుందని పేపర్లో రాస్తున్నారు, దాన్ని పట్టుకుని వేళ్ళాడాను. మూడో రోజు అన్నం పెడుతూ ఆవిడే అడిగింది, ఏ వారం వెళ్తున్నామని. చెప్పేశాను. నేను ఎదురుచూసింది తిట్లు. ఆవిడ నా పళ్ళెంలో మజ్జిగ పోసి, చెయ్యి కడుక్కుని, వీధి దాటి వెళ్ళింది. వస్తున్నప్పుడు చంకలో మూట ఉంది. పిన్నిగారు వెనకాలే వస్తూ బతిమాలుతోంది, "వద్దమ్మా, ఇంకో నెల ఉండనీ, నాకేం బరువు?" అక్క వినలేదు. తెల్లచీర తీసి బీరువాలో పెట్టింది. ఆ గుప్పెడు బియ్యం ఆ పూట ఎసట్లో పడ్డాయి.

"ఏవిటే ఇది? డబ్బు పెట్టి కొంటాను. వేరే విమానం. రేపే," అన్నాను.

"ఎంత పెట్టి కొంటావు?"

"ఎంతైతే అంత."

"ఈ మాట నెల క్రితం అనుంటే వచ్చేదాన్నిరా. ఇప్పుడు ఆయన వద్దన్నాడు. గడప దాకా వచ్చినదాన్ని వెనక్కి పంపేడు. పిలవని చోటికి టికెట్టు కొనుక్కుని ఎలా వెళ్ళను?"

"వద్దన్నది ఆయన కాదే, దివాలా తీసిన కంపెనీ."

"నీకు కంపెనీ. నాకు ఆయనే."

పరుగెత్తుకెళ్ళి ఘనపాఠిగారిని తీసుకొచ్చాను. పాపం ఆయన అరుగు మీద కూర్చుని ఓపిగ్గా చెప్పారు, ప్రస్థానం నాలుగైదు రోజులకంటే నిలవదనీ, వెనక్కి తెచ్చుకుంటే ఇంకో ముహూర్తానికి మళ్ళీ పెట్టుకోవచ్చనీ, అందులో దేవుడి కోపమేమీ లేదనీ. అక్క కొంగు కప్పుకుని అంతా వింది. ఆయన వెళ్ళాక అంది, "ఆయన నీ వంట తింటారు. నీ వైపే మాట్లాడతారు."

జీవితంలో మొదటిసారి నా వంటని తిట్టుకున్నాను.

తర్వాత కొన్నాళ్ళకి కంపెనీ నుంచి ఒక సందేశం వచ్చింది, రావలసింది ఉన్నవాళ్ళు ఫారం నింపి పంపమని. అమలాపురం వెళ్ళి నెట్ సెంటర్లో కూర్చున్నాను. అక్కడి పెద్దాయన కళ్ళజోడు సర్దుకుని చదివాడు.

"మీకు రావలసింది ఎంతో రూపాయల్లో రాయాలంటండీ. ఎంత వెయ్యమంటారు?"

"మైళ్ళండీ నావి."

"మైళ్ళకి గడి లేదండీ ఇందులో. రూపాయలే."

"అయితే రాయండి. ఒక అక్క, కాశీ, రానూపోనూ."

ఆయన నవ్వాడు. వెనక వరసలో ఉన్నవాళ్ళూ నవ్వారు. మామూలుగా ఆ నవ్వు కోసమే బతుకుతాను నేను. ఆ రోజు లేచి వచ్చేశాను. ఫారం సగంలోనే ఉండిపోయింది.

ఇది జరిగి రెండేళ్ళయింది. అక్క ఎడమ కన్ను పూర్తిగా పోయింది. కుడి కంటితో వెలుగు, నీడ, నేను ఎదురుగా నిలబడితే నా ఆకారం తెలుస్తాయి. పొద్దున్నా సాయంత్రం చుక్కలు నేనే వేస్తాను. వేశాక అయిదు నిమిషాలు కళ్ళు మూసుకుని ఉండాలి. ఆ అయిదు నిమిషాలూ నేను నోరు మూసుకుని కూర్చోలేను. మొన్నామధ్య ఆవిడే అడిగింది.

"వంటలకని నాలుగుసార్లు వెళ్ళొచ్చేవు కదరా. కాశీ ఎలా ఉంటుందో చెప్పు."

నాలుగుసార్లూ నేను చూసింది సత్రం వెనక షెడ్డు, గ్యాసు పొయ్యి, రెండు వందల విస్తళ్ళు. అయినా మొదలుపెట్టాను. దశాశ్వమేధ ఘాట్ మెట్లు దిగితే పక్కనే మణికర్ణిక అనీ, అక్కడి నుంచి ఎడం చేతివైపు నాలుగు అడుగులేస్తే కేదార ఘాట్ అనీ, తోచినట్టు కట్టుకుంటూ పోయాను.

"ఎడం చేతివైపు కాదురా," అంది అక్క, మూసిన కళ్ళు తెరవకుండానే. "గంగ వైపు తిరిగి నిలబడితే కేదారం కుడివైపు ఉంటుంది. మణికర్ణిక ఎడంవైపు. అదీ పక్కనే కాదు, మధ్యలో లలితా ఘాట్ ఉంది."

"నీకెలా తెలుసే?"

"వెళ్ళాలనుకున్నదాన్ని, తెలుసుకోకుండా ఉంటానా?"

ఇంకో రెండు నిమిషాలున్నాయి. ఆవిడ చెబుతూ పోయింది, నేను వింటూ కూర్చున్నాను.