మా రెడ్డెమ్మక్క పదిహేను సెలవులు

మా రెడ్డెమ్మక్కకు సెలవు పెట్టే జబ్బు ఉండేది. ఇందులో వింతేముంది, సెలవు పెట్టని ఉద్యోగి ఎవరు అంటారేమో. మా అక్క ఉద్యోగి కాదు. ఏ ఆఫీసు మెట్లూ ఎక్కలేదు, ఏ రిజిస్టరులోనూ సంతకం పెట్టలేదు. ఆమె డ్యూటీ వంటింట్లో, సెలవూ అక్కడినుంచే. ఏడాదికి పదిహేను క్యాజువల్ లీవులు, అయిదు ఐచ్ఛిక సెలవులు. ఒక్కటి కూడా వృథా పోనిచ్చేది కాదు.

ఆమె నాకు తోడికోడలు. మదనపల్లెలో కింద వాళ్లుండేవాళ్లు, మిద్దె మీద మేము. నేను ప్రైవేటు స్కూల్లో పంతులమ్మను. మా స్కూల్లో సెలవు అడిగితే, ఇక ఎప్పటికీ రానక్కర్లేదని చెప్పేవాళ్లు. అట్లాంటిది, అక్క సెలవు పెట్టినప్పుడల్లా రెండిళ్ల వంట నా నెత్తిన పడేది. అందుకని ఆమె సెలవులంటే నాకు ఒళ్లుమంట. దాచుకోవడం దేనికి?

తప్పంతా మా బావ చెంగల్రాయుడిది. ఆయన ప్రభుత్వాఫీసులో సీనియర్ అసిస్టెంటు. 1994 జనవరి ఒకటో తేదీన సెలవుల జాబితా తెచ్చి గోడకు అంటించి, వేలు పెట్టి లెక్కబెట్టుకుంటూ మురిసిపోయాడు.

"మరి నాకెన్ని?" అనింది అక్క.

"నీకు సెలవేందే? ఇంట్లోనే ఉండావు గదా!"

ఆ మాట అనకుండా ఉండాల్సింది. మర్నాడు తెల్లారేసరికి వంటింటి తలుపుకు ఒక కాగితం అంటించి ఉంది. "శ్రీయుత చెంగల్రాయుడు గారికి రెడ్డెమ్మ రాయునది. ఈ దినం నాకు ఒక రోజు సాధారణ సెలవు ఇప్పించ ప్రార్థన. ఇప్పించకపోయినా తీసుకుంటున్నాను." పొయ్యి చల్లగా ఉంది. అక్క మంచి చీర కట్టుకుని, చేతిసంచి పట్టుకుని ఎటో వెళ్లిపోయింది.

అది మొదలు. సగం రోజు సెలవు పెడితే అన్నం వండేది, పప్పు వండేది కాదు. బావ ఆఫీసులో ఎన్జీవోలు సమ్మె చేస్తే ఆమె కూడా గరిటె కింద పెట్టేసేది. ఒకసారి క్రిస్మస్‌కు సెలవంటే బావ ఎగిరిపడ్డాడు.

"మనమేమన్నా కిరస్తానం వాళ్లమా?"

"మీ ఆఫీసులో అందురూ కిరస్తానం వాళ్లేనా? యాల మూసినారు మరి?"

బావకు ఒక ఉపాయం తోచింది. గ్యాసు స్టవ్వు, మిక్సీ, రుబ్బే గ్రైండరు, చివరికి ఫ్రిజ్జు, ఒకదాని వెనక ఒకటి ఇంట్లో దించాడు. "అన్ని మిషన్లూ వచ్చినాయి. ఇంగ నీకు సెలవులు యాల?" అన్నాడు గెలిచినట్టు.

"మీ ఆఫీసుకు కంప్యూటరు వచ్చింది గదా. మీకు ఒక్క సెలవన్నా తగ్గిచ్చినారా?"

 ఆ కంప్యూటరుకు పసుపు కుంకుమ పెట్టి గుడ్డ కప్పింది బావే. మూడు నెలలైనా ఎవరూ ఆ గుడ్డ తియ్యలేదు.

సెలవు రోజు ఎక్కడికి పోతుందో మాత్రం చెప్పేది కాదు. సినిమాకని బావ, చీరలంగళ్లకని నేను అనుకునేవాళ్లం. అడిగితే, "మీ ఆఫీసరు సెలవు పెట్టి యాడికి పోతాడో నువ్వు అడుగుతావా?" అని బావనే ఎదురు ప్రశ్న వేసేది.

ఇట్లా ఏడేళ్లు గడిచాయి. 2001లో, పుంగనూరు గంగమ్మ జాతర జరిగే బుధవారానికి అక్క పది రోజుల ముందే అర్జీ పెట్టింది. సోమవారం సాయంత్రం బావ రొప్పుతూ వచ్చాడు. కుప్పం నుంచి బదిలీ మీద వచ్చిన కొత్త ఆఫీసరు బుధవారం మధ్యాహ్నం మా ఇంట్లో భోంచేస్తానన్నాడట.

"సెలవు రద్దు!" అన్నాడు బావ.

"గురువారం రమ్మను."

"ఆఫీసర్ని రమ్మనేదానికి నేనెవుర్నే? నువ్వు ఇంగోదినం పెట్టుకోరాదా?"

"జాతర ఇంగోదినానికి మారుతుందా?"

"ఓహో, జాతరకా! ఆఫీసరు ముందర నా మొగం యాడ పెట్టుకునేది?" అని బావ ఎర్ర సిరాతో అర్జీ మీద అడ్డంగా 'నామంజూరు' అని రాశాడు. అక్క దాని కింద 'చూశాను, వెళ్తున్నాను' అని రాసి సంతకం చేసింది. అన్నట్టే బుధవారం పొద్దున వెళ్లిపోయింది.

నాకు ఒళ్లు మండిపోయింది. స్కూలుకు కడుపునొప్పని అబద్ధం చెప్పి, ఆమెను చెయ్యి పట్టుకుని లాక్కురావాలని వెనకే బయల్దేరాను. ఆమె బస్టాండు వైపు పోలేదు. వెనక వీధిలో పూలమ్మ ఇంట్లో దూరింది. పూలమ్మ భర్త బస్సు డ్రైవరు, పొద్దున పోతే రాత్రికి గానీ రాడు. పక్షవాతంతో మంచాన పడిన అత్తను చూసుకుంటూ పూలమ్మ ఇంట్లోనే ఉండేది.

లోపలికి పోయి చూద్దును కదా, మా అక్క చీరకొంగు నడుముకు చుట్టి, ఆ అత్త బుజ్జమ్మను ఒళ్లో ఆనించుకుని గంజి తాపుతూ ఉంది. పూలమ్మ కనపడలేదు.

"ఏందక్కా ఇది?"

"కనపడలేదా? పూలమ్మ సెలవులో ఉండాది. పుంగనూరు జాతరకు పోయింది. అది పుట్టిన ఊరు. ముసలామెను ఇడిసిపెట్టి పోలేక ఆరేండ్లుగా జాతర మొగం సూడలేదు."

"మరి నువ్వు?"

"ఒకరు సెలవు పెడితే ఇంగొకరు ఆ పని చెయ్యాల గదమ్మా. ఈ ఊళ్లో ఇట్లా ఇల్లు కదల్లేని ఆడోళ్లు నాకు నలుగురుండారు. నా పదిహేనూ వాళ్లకే సరిపోవు."

నాకు సిగ్గేసింది. నిజంగా సిగ్గేసింది. "ఈ సంగతి బావకు చెప్తే సంతోషంగా పంపిస్తాడు కదక్కా" అన్నాను.

అక్క కళ్లు ఎర్రబడ్డాయి. "అందుకే చెప్పలేదు. పుణ్యానికి పోతాండాది పాపమని ఇస్తాడు. నాకు ఆ సెలవు అక్కర్లేదు. సినిమాకు పోయినా, ఊరికే పడుకున్నా, నా సెలవు నాకు రావాల. నువ్వు చెప్పినావంటే చూడు!"

చెప్పనని ఒట్టేసి పరుగున ఇంటికొచ్చి కోడి కూర, రాగిసంగటి చేశాను. ఆఫీసరు రెండు ముద్దలు తిని, "మేడమ్ గారేరీ?" అన్నాడు. "పుట్టింటికి పోయింది సార్" అని బావ నీళ్లు నమిలాడు.

సాయంత్రం ఫోను మోగింది. బావే ఎత్తాడు. పుంగనూరులో ఎస్టీడీ బూతు నుంచి పూలమ్మ. వెనక పలకల, డప్పుల మోత. ఆమె అరుపు రిసీవరు దాటి నాకూ వినపడింది.

"అన్నా! ఇంగొక్క దినం ఉండి వస్తానని అక్కకు చెప్పన్నా! రాత్రికి మా ఇంటాయన ఉంటాడు, పగలే మా అత్తకు కష్టం. అక్కను పంపించేది మీరేనంట గదా! 'మా ఆయనే బలవంతం చేసి పంపిస్తాండాడు' అని అక్క చెప్తేనే నేను ఒప్పుకుంటి. మీ మాదిరి మనిషి యాడా లేడన్నా!"

బావ ముఖంలో నెత్తురు లేదు. తాను 'నామంజూరు' అని రాసిన అర్జీ వైపు చూశాడు. ఏదో చెప్పి ఫోను పెట్టేశాడు.

"ఏమన్నావు బావా?"

"రెండు దినాలు ఉండి రమ్మన్నా."

అక్క ఇంటికొచ్చి ఆ మాట విని మండిపడింది. "రెండు దినాలా? నా సెలవులు పంచిపెట్టేదానికి నువ్వెవురయ్యా? రేపు పోతా. ఎల్లుండి పోను, ఏం చేసుకుంటావో చేసుకో!"

శుక్రవారం మా బావ తన ఆఫీసుకు సెలవు చీటీ పంపించి, గంజి క్యారియరు పట్టుకుని పూలమ్మ ఇంటికి బయల్దేరాడు. అక్క టీవీ ముందు కాళ్లు చాపుకుని కూర్చుంది. నేను ఆగలేక, స్కూలుకు పోతూ తొంగి చూశాను. గంజిలో ఉప్పు లేదని బుజ్జమ్మ అప్పటికి మూడుసార్లు తిట్టింది.

"ఎవుర్రా నువ్వు? పో, పోయి రెడ్డెమ్మను పిల్సుకోని రా!" అని మంచం మీదినుంచే తరిమింది.

మా బావ కదల్లేదు. "ఆయమ్మ సెలవులో ఉండాది అవ్వా" అని స్పూను మళ్లీ నోటికందించాడు.