వియ్యంకుడి కారు

మా తాతకు ఆయన సొంత వియ్యంకుడే వెనక కాలు పాడైన ఎద్దును అమ్మాడు. నా చిన్నప్పటి మాట ఇది. కాలు బాగలేదని అమ్మినవాడికి తెలుసు, కొన్న మా తాతకూ తెలుసు. ఇంత వయసొచ్చినా ఆ సంగతి తలుచుకుంటే నాకు ఇంకా కడుపు మండుతుంది.

మా వైపు పశువుల సంతలో బేరం నోటితో సాగదు. కొనేవాడి చేయి, అమ్మేవాడి చేయి ఒక తువ్వాలు కింద కలుస్తాయి. ఎవరి ధర ఎంతో వేళ్ళు పట్టుకుని చెప్పుకుంటారు. అంతకుముందే ఎద్దును నడిపించి చూస్తారు, పళ్ళు చూస్తారు, మెడ మీద కాడి మోపి చూస్తారు. అమ్మేవాడు మన పిల్లనిచ్చిన ఇంటివాడైతే మాత్రం ఇవేవీ ఉండవు. వియ్యంకుల మధ్య తువ్వాలు కప్పడం అవమానం. ఆయన చెప్పిందే ధర, ఈయన పలుపు అందుకోవడమే. ఆ రోజు ఆ ఎద్దు వెనక కాలు నేల మీద సరిగా ఆనించకపోవడం నేను చూశాను. తాత పంచె పట్టుకుని లాగాను. ఆయన నా చేయి గట్టిగా నొక్కి, వియ్యంకుడితో “ఎద్దు బాగుండాది బావా” అన్నాడు.

బావిలోంచి తోలు బానతో నీళ్ళు లాగే కపిలకు ఎద్దులు వాలులో దిగితే చాలదు, వెనక్కి నడుస్తూ మళ్ళీ పైకెక్కాలి. ఈ ఎద్దు నాలుగడుగులు వెనక్కి వేసి కూలబడేది. చూస్తూ ఉండగానే మడిలో రాగి పైరు ఎండిపోయింది. “తెచ్చి కట్టినావు గదా, ఇంగ దానికి పూజ చెయ్” అని అవ్వ సాధించేది. తాత లేచి ఎద్దుకు గడ్డి వేయడానికి పోయేవాడు.

దానికంటే ఘోరం ఆ తరువాత జరిగింది. వియ్యంకుడు తన కోడలిని, అంటే మా మేనత్తను, వెంటబెట్టుకుని వస్తున్నాడని కబురు రాగానే తాత ఆ ఎద్దును పక్కింటి కొట్టంలో కట్టేయించాడు. మోసం చేసినవాడు ఎక్కడ చిన్నబుచ్చుకుంటాడోనని మోసపోయినవాడు ఎద్దును దాచాడు. ఇంతకంటే అన్యాయం ఉంటుందా? మజ్జిగ కోసం పక్కింటికి పోయిన మా అత్త దాన్ని చూసింది. తన అత్తవారింట్లో రోజూ కుడితి పెట్టిన ఎద్దును గుర్తుపట్టకుండా ఎలా ఉంటుంది. తాతను కొట్టం వెనక్కి పిలిచి అడిగింది.

“నా కోసమే గదా నాయనా నోరు మూసుకుంటివి?”

తాత తల ఊపాడు.

“నువ్వే ఈడ నోరు మూసుకుంటే, ఇంగ నేను ఆడ నోరు తెరిచేదెట్లా?”

ఆమె గొంతు పెంచలేదు, ఏడవలేదు. మజ్జిగ చెంబు తీసుకుని లోపలికి పోయింది. అప్పుడు ఆ మాట నాకు సగమే అర్థమైంది. మిగతా సగం ఆమెను చూస్తూ పెరిగాక అర్థమైంది. బతికినన్నాళ్ళూ మా అత్త ఆ ఇంట్లో ఇది కావాలని అడిగింది లేదు, అది వద్దని అన్నదీ లేదు. ఎప్పుడొచ్చినా బాగున్నాననే చెప్పేది. మా తాత కూడా బాగుందనే కదా చెప్పాడు.

ఇప్పుడు నా సంగతి. గుత్తి దగ్గర మా ఊరు. మా ఆమెకు మూత్రపిండాలు చెడిపోయాయి. రక్తం శుభ్రం చేయించడానికి ప్రతి వారం అనంతపురం తీసుకుపోవాలి. బస్సులో కూర్చునే ఓపిక ఆమెకు అయిపోయింది. పాత కారు ఒకటి చూడమని మా పెద్దవాడితో అన్నానో లేదో, మా వియ్యంకుడు తన కారే అమ్ముతానని తెచ్చి వాకిట్లో పెట్టాడు. మా కూతురు ఉండేది ఆయన ఇంట్లోనే.

నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఆయనే తోలాడు. ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజన్ అరుస్తోంది కానీ బండి కదలదు. క్లచ్ జారుతోంది. రెండో గేరు ఒకసారికి పడదు. దారిలో ఆపి, మూత ఎత్తి, పొగలు కక్కే రేడియేటర్‌లో సీసాడు నీళ్ళు పోశాడు. “మన సీమలో పుట్టిన బండి బావా, దీనికీ దప్పికే” అని నవ్వాడు. నేనూ నవ్వాను. ఎలా ఉందని ఆయన అడిగితే బాగుందన్నాను.

పెద్దగా బడి చదువు లేకపోయినా కనిపించిన కాగితమల్లా చదివేవాణ్ణి నేను. పాత బండి కొనేవాళ్ళను ఆయిల్ చూడమని రాశారు, టైర్లు చూడమని రాశారు. అమ్మేవాడు వియ్యంకుడైతే ఏం చూడాలో ఒక్కడూ రాయలేదు.

“చిన్న చిన్న రిపేర్లే నాయనా. మెకానిక్‌ను పిలిపిస్తే మామ ఏమనుకుంటాడు?” అన్నాడు మా పెద్దవాడు. “నేను బస్సులోనే పోతాలే. నా వల్ల పాప అత్తింట్లో మాట పడొద్దు” అంది మా ఆమె. ఆమె ఇక బస్సెక్కే స్థితిలో లేదని అందరికీ తెలుసు. కొంటే ఎర్రటి ఎండలో, చెట్టు నీడ కూడా లేని దారిలో ఆమె ఆ బండిలో ఇరుక్కుపోతుంది. వద్దంటే ఆ ఇంట్లో నా బిడ్డ తల దించుకుని తిరగాలి. ఎటు తిరిగినా గోడే.

మా అత్త పోయి చాలా ఏళ్ళయింది. కానీ కొట్టం వెనక ఆమె అడిగిన ప్రశ్నకు మా ఇంట్లో ఇంతవరకు ఎవరూ జవాబు చెప్పలేదు. తాత చెప్పలేదు, మా నాయన చెప్పలేదు. నా వంతు వచ్చింది. వియ్యంకుడికి ఫోన్ చేశాను. క్లచ్ సంగతి, గేరు సంగతి, వేడెక్కే సంగతి ఒక్కొక్కటీ చెప్పాను. ఈ బండిలో మా ఆమెను ఎక్కించలేను, నాకు వద్దు, దీనికి నా బిడ్డను ఒక్క మాట కూడా అనొద్దు అన్నాను. అంతా విని ఆయన అన్నాడు:

“మీ పాప ఆ పొద్దు నుంచి నాతో కొట్లాడతానే ఉండాది, ‘మా నాయన మొగమాటానికి బాగుందంటాడు, ఆ బండి ఆయనకు అంటగట్టొద్దు’ అని. నువ్వేమో బాగుందంటివి. ఎవురి మాట నమ్మేది బావా నేను?”