చెలమ నీళ్లు

జమ్మలమడుగు బళ్లో ఓబులేశం పంతులు ఇరవై ఏళ్లుగా చరిత్ర చెబుతున్నాడు. తలపాగా సర్దుకుని, బెత్తాన్ని గాలిలో వంకరటింకరగా ఆడిస్తూ, ఏటా మొదటి పాఠం ఒకేలా మొదలుపెడతాడు: "చరిత్ర నదిలాంటిది. ముందుకే పారుతుంది." పిల్లలు ఆవులిస్తూ రాసుకుంటారు. ఈ ఏడు పక్క తరగతికి జ్ఞానదాసనే కుర్ర పంతులు వచ్చాడు. గోడవతల నుంచి అతని గొంతు వినిపించింది: "మన పెన్నలో పైకి కనపడేది ఇసకే గదా! చెలమ తవ్వితే అడుగున నీళ్లుండాయి. చరిత్ర గూడా అంతేనప్పా." పిల్లలు చప్పట్లు కొట్టారు. ఓబులేశం బెత్తం గాలిలోనే ఆగిపోయింది.

ఆ మాట తనకెందుకు తట్టలేదని దారంతా కడుపు మండిపోయింది. ఇంటికి రాగానే భార్య సిద్దమ్మ చెంబు అందించింది. ఎత్తబోతూ ఆగి, "ఈ నీళ్లు యాడివి?" అని అడిగాడు.

"పెన్నలో చెలమవి. ఇరవై ఏండ్లుగా తాగుతాండేది ఇవే గదా!"

గొంతు ఎండిపోతున్నా ఓబులేశం చెంబు కింద పెట్టేశాడు.