పింఛన్ పెరిగిందో లేదో చింతపండు కాడ తేలుతది

మా ఇంటాయన కరెంటాఫీసుల పని జేసి రిటైర్ అయిండు. ఏటేటా పింఛన్ జరంత పెరుగుతది. పెరిగిన రోజు మీసం దువ్వుకుంట ఇల్లంత తిరుగుతడు, ఆ పైసలు తనే పొలంల పండించినట్టు.

మూడేండ్ల కింద గట్లనే తిరుగుకుంట, "ఈసారి పెరిగిన పైసలతోటి బ్యాటరీ స్కూటర్‌కు కిస్తులు కట్టుకుంట. మొయినాబాద్ బస్సుల నిలవడి నిలవడి కాళ్లు గుంజుతున్నయే" అన్నడు. మొయినాబాద్‌ల ఆయన దోస్తులు కూసునే చాయ్ దుకాణం ఉన్నది. ఆ ఫికర్ కాళ్లది కాదు, చాయ్‌ది.

"ముందు పెరిగిందో లేదో చూడనీ" అన్న.

మా అల్లుడు పన్నుల లెక్కలు రాస్తడు. ఫోన్ చేసి అడిగిన.

"పోయినేటికంటే ఎంత ఎక్కువొచ్చిందో అదంత ఆదాయమే అత్తమ్మ. దాని మీద పన్ను పడ్తది."

"ధరలు పెరిగినయని ఇచ్చిన పైసలు గద బిడ్డ. ఆ ధర తియ్యకుండ పెరిగిందని ఎట్లంటరు?"

"ధరలతోటి పన్ను ఆఫీసోళ్లకు పనిలేదత్తమ్మ."

"మరి వాళ్లిండ్లల్ల చింతపండు ఎవరు కొంటరు?"

అల్లుడు నవ్వుకుంట ఫోన్ పెట్టేసిండు.

నాది రెండో తరగతి చదువు. అయినా నా లెక్క నాకున్నది. ఎండకాలం మొదట్ల ఏడాదికి సరిపడ చింతపండు, ఎండుమిర్చి, కందిపప్పు చేవెళ్ల అంగడిల ఒక్కసారే కొంట. అదే సామాను, అదే తూకం. పోయినేటికంటే ఎంత ఎక్కువ పడ్డదో అది పెరిగిన పైసలల్లకెళ్లి తియ్యాలె, పన్నూ తియ్యాలె. అప్పుడు మిగిలితేనే పింఛన్ పెరిగినట్టు. "మిగిలితే స్కూటర్, లేకుంటే బస్సు" అని చెప్పేసిన.

అంగడికి నా ఎంబడే వచ్చిండు. పెండ్లయిన కాడి నుంచి ఆయన బేరమాడంగ నేను చూడలే. నేను ఆడుతుంటే నేనెవరో తెల్వనట్టు వేరే దిక్కు చూసుకుంట నిలవడ్తడు.

ఆ రోజు నన్ను పక్కకు జరిపిండు. చింతపండు చేతుల పట్టుకొని, "గింజలు తియ్యకుండ గింత ధరనా? గింజలకు కూడ పింఛన్ ఇస్తున్నవా?" అని మొదలుపెట్టిండు.

"పెద్దమనిషివి, గింత చిన్న బేరమా బాపు?" అన్నది అమ్మే ఆమె.

"పెద్దమనిషినైనా బస్సుల సీటిస్తలేరు తల్లీ, ధరనన్న తగ్గియ్యి."

మిర్చి కాడ కోపమొచ్చినట్టు మొఖం తిప్పి, వెనుక నుంచి పిలుస్తరేమోనని ఆగి ఆగి నడిచిండు. అచ్చం నా నడకే. దిక్కులు చూసుకుంటనే ఇన్నేండ్లు అన్నీ నేర్చుకున్నడు.

ఇంటికొచ్చి లెక్క చూస్తే పైసలు మిగిలినయ్. ఆయన చెయ్యి మీసం మీదికి పోయింది.

"పింఛన్ ఎక్కడ పెరిగిందయ్యా? పెరిగింది నీ నోరు" అన్న.

"ఏది పెరిగితేందే, మిగిలినయా లేదా?"

మిగిలినయ్. నేనే బేరమాడి ఉంటే అన్ని మిగిలేటివి కావు. ఆ మాట మాత్రం ఆయనకు చెప్పలే.

కిస్తులు లేకుండ పాత స్కూటర్ కొన్నం. ఇక మీద అంగడి ఆయనదే అని షరతు పెట్టిన. ఇప్పుడు చాయ్‌కు పోయినా హ్యాండిల్‌కు నా కూరగాయల సంచి వేలాడుతుంటది.

బేరంల మిగిలినదానిక్కూడ పన్ను ఉన్నదా అని అల్లుణ్ని అడిగిన. లేదన్నడు. అదొక్కటి మంచిగ పెట్టిన్రు.