మెరూన్ దారాలతో బోర్డు మీటింగు

రాష్ట్రం వచ్చిన మూడో ఏడు, వానలు మొదలయ్యాక, ఆలేరు దగ్గర మా నేతకారుల కంపెనీలో నన్ను క్వాలిటీ ఇన్‌చార్జిగా వేశారు. మగ్గం గుంటలోంచి లేచి నేరుగా కుర్చీలో కూర్చున్నదాన్ని. నలభై దాటాక వయోజన విద్య క్లాసులో అక్షరాలు దిద్దుకున్నాను. అందుకని నా చదువు నిదానం, రాత ఇంకా నిదానం. తప్పు పట్టడం మాత్రం మొదటి నుంచీ వేగమే.

నా మీద సీఈఓ, ఆయన మీద ఏడుగురు డైరెక్టర్ల బోర్డు. డైరెక్టర్లంటే సూటు వేసుకున్నవాళ్లు కాదు, మాతోపాటు మగ్గం నేసే వాటాదారులే. చైర్మన్ యాదయ్య నాకు అన్న వరస.

అప్పటి చిక్కు ఇది. మెరూన్ చీరల్లో అడ్డంగా చారలు కనబడుతున్నాయని పట్నం దుకాణం రెండుసార్లు సరుకు తిప్పి పంపింది. ఒక తొట్టిలో ఒకసారి రంగేసిన నూలును లాటు అంటాం. ఒకే చీరలో పేక, అంటే అడ్డంగా నేసే నూలు, రెండు లాట్లది పడి, వాటి వన్నె కలవకపోతే చార తేలుతుంది. రంగులు వేసేది ఖాజా భాయ్. మా షెడ్డులో ఆయనే అందరికంటే పాత మనిషి. ఆయనకు చూపు తగ్గిందని, వేరే మనిషిని పెట్టాలని బోర్డులో మాట లేచింది.

సీఈఓ మాత్రం ముందు డేటా చూద్దామన్నాడు. లాటు లాటుకూ నంబరు వేసి, ఎప్పుడు రంగేశారో, ఎవరు నేశారో కంప్యూటర్‌లో ఎక్కించాలని ఆయన పథకం. దానికి బోర్డు మంజూరు కావాలి. మీటింగులో ప్రొజెక్టరుతో గోడ మీద బొమ్మ వేసి, పైకీ కిందికీ పోయే గీతలు చూపించి అరగంట మాట్లాడాడు. అంతా విని యాదయ్య ఒక్కటే అడిగాడు. “సారూ, గీ గీతలల్ల మెరూన్ ఏడున్నది?”

పథకం వాయిదా పడింది. ఖాజా భాయ్ సంగతి వచ్చే నెల తేల్చుదామని రాసుకున్నారు.

బయటికి వచ్చాక సీఈఓకు మొహం మీదే చెప్పాను. “నేసెటోళ్లకు గీతలు చూపెడ్తవా సారూ? నూలు చూపెట్టు.” సరే, నువ్వే చెయ్యి అన్నాడు. ఆ నెలంతా ప్రతి లాటు నుంచీ జానెడు దారం కత్తిరించి అట్టకు కట్టాను. పక్కన తేదీ, రంగు తూకం, ఉడికిన సమయం రాశాను. ఏ నీళ్లు వాడారో కూడా రాయమన్నాడు సీఈఓ. ‘నీళ్లు నీళ్లే, నాకు చెయ్యి నొప్పి’ అన్నాను. ఆయన వినలేదు. విసుక్కుంటూనే ‘నల్లా’, ‘బోరు’ అని రాసుకుంటూ పోయాను.

మళ్లీ మీటింగు. అట్టలన్నీ చాప మీద పరిచాను. డైరెక్టర్లు కుర్చీలు వదిలి కింద కూర్చున్నారు. యాదయ్య ఒక అట్ట పట్టుకుని గుమ్మం వెలుతురులోకి పోయాడు. ఎవరూ చెప్పకుండానే మంచి వన్నె ఒక దిక్కు, మబ్బు వన్నె ఒక దిక్కు వేరు చేశారు. అప్పుడు నన్ను చదవమన్నారు. రంగు తూకంలో తేడా లేదు. ఉడికిన సమయంలో లేదు. నీళ్ల గడికి వచ్చేసరికి నా నోరే తడబడింది. మబ్బు వన్నె అట్టలన్నింటి మీదా ‘బోరు’ అనే ఉంది.

షెడ్డుకు నల్లా రోజు విడిచి రోజు వస్తుంది. పని ఆగకూడదని బోరు పైపు వేయించింది నేను. ఈ ఉప్పునీళ్లకు రంగు సరిగా పట్టదని ఖాజా భాయ్ ఆ రోజే చెప్పాడు. పట్టించడం నీ పని అని కసిరాను. ఈ మాట ఏ కాగితం మీదా లేదు, ఆయనా ఎవరికీ చెప్పలేదు. నేనే బోర్డుకు చెప్పాను.

“అట్లయితే నిన్ను తీసేద్దామానే?” అన్నాడు యాదయ్య.

“తీర్మానం రాయి, అంగూఠా ముద్ర కాదు, సంతకమే పెడ్త” అన్నాను.

తలుపు దగ్గర నిలబడ్డ ఖాజా భాయ్ నవ్వాడు. “ఉండనియ్యి యాదన్నా. అక్క పోతే గీ అట్టలు ఎవలు కడ్తరు? నాకైతే అంత ఓపిక లేదు.”

ఆ పూటే తీర్మానాలు అయ్యాయి. ఖాజా భాయ్ కొనసాగింపు ఒకటి, నల్లా నీళ్లు పట్టి ఉంచడానికి ట్యాంకు ఒకటి. మూడోది సీఈఓ అడిగిన కంప్యూటర్. దాని మీద ఒక్కరూ ప్రశ్న వేయలేదు.

తరువాత చాలా ఏళ్లు ఆ బోర్డు ముందుకు లెక్కలు తీసుకుపోయాను. నాకు తెలిసింది ఇంతే. తన చేతికి తెలిసిన వస్తువు మీద చూపిస్తే బోర్డు ఒప్పుకుంటుంది. ఇక ఏ గడి రాయడం దండగ అని మనకు అనిపిస్తుందో, దాన్ని తప్పకుండా రాయాలి. మనం చేసిన తప్పు ఎక్కువగా ఆ గడిలోనే ఉంటుంది.